ఓడ అడుగున పదకొండు మంది

ఖాదరన్న పారిపోలేదు. యుద్ధంలో పారిపోయిన సిపాయి అని సర్కారు రికార్డులో రాసినారు. ఆ ఒక్క మాట కొట్టివేయించుకోవాలని ఆయన చచ్చేదాకా తిరిగినాడు.

ఇప్పటికీ రేవులో మరపడవల డీజిల్ కంపు ముక్కుకు తగిలితే, విడవలూరు బజారులో కుట్టుమిషను తొక్కుతున్న ఆయనే కళ్లకు కడతాడు. నేను బడి మొహం చూడనివాణ్ణి. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. పాతికేళ్ల వయసులో ఒకనాడు తాలూకా కచేరీ గుమాస్తాతో జగడమాడి, తిట్టుకుంటూ ఆయన అంగడి ముందర నిలబడితే, "నోట్లో పెట్టుకున్న కోపం ఉమ్మయిపోతుంది అబ్బయా, కాగితం మీద పెట్టు" అన్నాడు. అప్పటినుంచి ఆయన అర్జీలన్నీ నేనే రాసినాను.

రాస్తూ రాస్తూనే ఆ ఓడ సంగతి విన్నాను. సింగపూరులో జపానువాళ్లకు చిక్కిన మన సిపాయిలను ఓడ అడుగున డీజిల్ కంపు కొట్టే సరుకుల అరలో కుక్కి, పైన పలకలు మూసి తీసుకుపోయినారు. నిలబడితే కూర్చునే చోటు లేదు. రోజుకొక బకెట్టు నీళ్లు తాడుతో దించేవాళ్లు. సీసా మూతతో పంచుకోవాలి. పంచేవాడు అందరికన్నా చివర తాగాలి.

"ఆ కట్టుబాటు ఎవరు పెట్టినారన్నా?"

"మొదటిరోజు పంచింది నేనే. ముందర తాగిందీ నేనే. అందుకే పెట్టినారు."

పట్టుకున్నవాళ్లు ఆయన్ని గొడ్డుకన్నా హీనంగా చూసినారు. బతికి తిరిగొస్తే సొంతవాళ్లు దొంగను చేసినారు. ఏది పెద్ద పాపమో నాకు ఈనాటికీ తేలలేదు.

చివరికి సర్కారునుంచి ఒక జాబు వచ్చింది, ఆ ఓడలో ఉన్నట్టు సాక్షులను చూపమని. "టీ పోయిస్తే సంతకం పెట్టే ముసలి సిపాయిలు లేకపోయినారా?" అన్నాను.

"దొంగ సాక్ష్యంతో దొంగ పేరు పోతుందా, పిచ్చోడా!" అని, కళ్లు మూసుకొని పదకొండు పేర్లు చెప్పినాడు, ఊర్లతో సహా. అందరూ ఆ ఓడలోనే పోయినవాళ్లు. పేర్ల ముందర 'కీర్తిశేషులు' అని పెట్టబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"జనాజా నమాజు చదవలేదు, కొరివి పెట్టలేదు. అట్లనే నీళ్లలో వదిలినాము. పోయినారని రాసేదానికి నువ్వెవడివిరా?"

నేను ఆ మాట రాయలేదు; ఉత్త పేర్లూ ఊర్లే సాక్షులని రాసి పంపినాను. ఆ తప్పు నాదే. మళ్లీ రాయమన్నా అట్లనే రాస్తాను. ఆ పేర్లు, ఆ ఊర్లు ఇప్పటికీ నాకు నోటికి వచ్చు.

చైనా యుద్ధం ముగిసిన మరుసటేడు జవాబు వచ్చింది. పోస్టుమాస్టరు గారు ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పినారు. ఖాదరన్న సూదిలో దారం ఎక్కించబోయి మూడుసార్లు తప్పి, ఇంకొకసారి చదవమన్నాడు.

"మీరు పంపిన సాక్షుల జాబితా అందినది. పదకొండుగురినీ వెంటబెట్టుకొని వచ్చే సోమవారం ఈ కార్యాలయంలో హాజరు కావలసినది."