ఇల్లు ఖాళీయేనా

ఎన్సియో కాగితం మిల్లులో మెకానిక్‌గా రిటైరయ్యాక కంప్యూటర్లు పట్టుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. విప్పడం, పాడుచేయడం, మళ్లీ బిగించడం, అంతే. తాంపెరే ఊళ్లో మా అపార్ట్‌మెంటు కింద, ఆవిరి స్నానాల గది పక్కన ఒక క్లబ్బు గది ఉంది. మంగళవారం మధ్యాహ్నాలు అక్కడ కూర్చునేవాడు. ఎవరు పాత మెషీన్ తెచ్చినా బాగుచేసేవాడు. బదులుగా కాఫీ, ఏలకుల బన్ను.

అతనికో పద్ధతి ఉండేది. ప్రతి డిస్కునూ రెండు భాగాలు చేసేవాడు. ఒకదానిలో ఆపరేటింగ్ సిస్టమ్, రెండోదానిలో ఆ మనిషి సొంత సరుకు. రెండో పార్టిషన్‌కు "కోటి" అని పేరు పెట్టేవాడు. ఇక్కడి మాటలో కోటి అంటే ఇల్లు.

"సిస్టమ్ పాడైతే మొదటి భాగం ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కిస్తా. కోటి జోలికి పోను. ఇంకొకరి ఇంట్లోకి తొంగిచూసే అలవాటు నాకు లేదు" అనేవాడు నాతో, బన్ను నములుతూ.

మూడో అంతస్తులో సైమి ఉంటుంది. ఆమె భర్త ఒన్ని గొంతు క్యాన్సర్‌తో పోయాడు. ఆపరేషన్‌కు ముందు, ఇక మాట ఉండదని తెలిసి, సైమి కంప్యూటర్‌లో ఎన్సియో చేసిపెట్టిన కోటి భాగంలో తన గొంతు రికార్డు చేసి పెట్టాడు. పెద్ద మాటలేవీ కావు. హాకీ ఆటగాళ్లను తిట్టడం, వాన సూచన చదవడం, "సైమీ, కాఫీ పొంగిపోతోందే" అనడం. ఆ సంగతి సైమి ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ ఇలాంటివి చెప్పుకోరు. రోజూ ఒక్కటి వినేది.

ఆ వసంతంలో చిన్న ఫ్లాట్‌కు మారాలని ఆమె ఇంట్లో సామాను తీసేస్తోంది. చేపల గాలాలు, బూట్లు, అన్నీ ఎవరెవరికో ఇచ్చేసింది. ఒక మంగళవారం కంప్యూటర్ చంకన పెట్టుకుని కిందికి వచ్చింది.

"ఏంటయ్యా ఎన్సియో, ఇది తెరుచుకునేలోపు నా బంగాళదుంపలు ఉడికిపోతున్నాయి."

"దాని తప్పేముంది? నువ్వే దుంపలు చిన్నవి కొంటున్నావు."

"ఆపు నీ వేళాకోళం. బాగవుతుందా, చెత్తలో పారేయనా?"

ఎన్సియో చూశాడు. సిస్టమ్ మొత్తం కొత్తది ఎక్కించాలి. కొత్తదానికి పాత భాగంలో చోటు చాలదు. సైమి వెనక్కి తిరిగి కుళాయి కింద కాఫీ కుండ కడుగుతోంది.

"సైమీ, కోటి ఖాళీ చేసెయ్యొచ్చా?"

"ఇంకేం చేస్తావులే, కోటి ఎప్పుడో ఖాళీ అయిపోయింది. ఏమీ మిగల్లేదు" అంది ఆమె, తిరగకుండానే.

జవాబు చెప్పిన మనిషిని మళ్లీ అడిగితే ఇక్కడ అవమానం. ఎన్సియో అడగలేదు. లోపలికి తొంగిచూడనూ లేదు. రెండు భాగాలకూ టిక్కు పెట్టి, ఫార్మాట్ నొక్కాడు. దాని మీద కొత్త సిస్టమ్ రాసేశాడు.

మర్నాడు సైమి అతని తలుపు తట్టింది.

"ఒన్నిని ఎక్కడ పెట్టావు?"

"ఒన్నినా?"

ఆమె కంప్యూటర్ తెరిచి, ఒన్ని గొంతు రికార్డులు ఉండాల్సిన చోటు చూపించింది.

"కోటి ఖాళీ అన్నావు కదా."

"నేను నా ఇంటి గురించి అన్నాను."

"నేనూ ఇంటి గురించే అడిగాను."

ఈ మాటలు ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. ఒక్క అక్షరం తేడా లేదు. కోపం కూడా ఇద్దరిలో లేదు, ఉంటే బాగుండేది.

ఎన్సియో వేసవంతా ఆ డిస్కుతోనే గడిపాడు. ఫార్మాట్ ఒక్కటే అయితే కొంతైనా దక్కేదట. పైన కొత్తది రాశాక పాతది చెరిగిపోయింది. చివరికి ఒక ముక్క దొరికింది. పైకి పట్టుకెళ్లి వినిపించాడు. ఎవరో గొంతు సవరించుకుంటున్న చప్పుడు. మాట మొదలయ్యేలోపే ఆగిపోయింది.

సైమి ఇంకోసారి పెట్టించుకుని వింది.

"ఇది ఎవరైనా కావచ్చు" అంది.

ఎన్సియో ఇప్పుడు క్లబ్బు గదికి రావడం లేదు. సైమి వస్తుంది, కాఫీ తాగుతుంది. మొన్న నేను ఊరికే అడిగాను, కంప్యూటర్ ఎలా ఉందని.

"చాలా వేగంగా తెరుచుకుంటోంది" అంది. "లోపల ఏమీ లేదుగా."