పికప్‌కి కొత్త బుష్‌లు

మా అబ్బాయి పాత పికప్‌లో రోజూ కోటా ఊరి మార్కెట్టు నుంచి కూరగాయలు తెస్తాడు. గోతిలో పడితే చాలు, బండి కింద టకటకమని కొట్టుకునేది. కుదుపులు ఆపే రబ్బరు బుష్‌లు అరిగిపోయాయంటూ ఈ రోజు బండి బాగుచేసే మిస్త్రీ కిందకు దూరాడు. నాకు అతని కాళ్లే కనిపించాయి. కొత్తవి వేశాడో, పాతవే తుడిచి పెట్టాడో ఎవరు చూశారు?

"బాబూ, నిజంగా మార్చినావేటి?"

"ఒట్టు మామ్మా, అన్నీ కొత్తవే ఏసీసేను. నీ కొడుక్కేటీ కాదు."

"అచ్ఛా! అయితే నువ్వూ ఎక్కు. రైలు గేటు దాకా ఎల్లొద్దాం."

నవ్వుతూ డ్రైవరు సీట్లోకి ఎక్కాడు, నేను పక్కన కూర్చున్నాను. ఎక్కగానే, మావాడు ఏనాడూ ముట్టుకోని సీటు బెల్టు లాగి బిగించుకున్నాడు.

దారంతా చప్పుడు రాలేదు, నిజమే. కానీ తన పని మీద నమ్మకమున్నవాడికి బెల్టెందుకు? రేపు పొద్దున్నే అబ్బాయిని బండెక్కనివ్వాలా, వద్దా? మీరే చెప్పండి.