సీసా మీద బొటనవేలు

మేముండే షాంటిలీ ఊరి నుంచి స్నేహితులమంతా ఆ కొండమీది ద్రాక్షతోటకు వెళ్ళినప్పుడు మాకు తెల్ల వైన్ పోసింది ఆ ఇంటి పెద్దకూతురు. తీగలు కత్తిరించేదీ, పళ్ళు పిండి పులియబెట్టేదీ ఆవిడేనట. సీసా ఎత్తినప్పుడల్లా లేబుల్ మీది 'అండ్ సన్స్' అనే మాటను బొటనవేలితో మూసేది. అదేమిటని అడిగాను.

"నాన్న అది అచ్చేయించేనాటికి తమ్ముడింకా పుట్టలేదు. నేనున్నాను," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ తండ్రి ఎదురుగా ఉంటే కడిగిపారేసేదాన్ని.

అంతలో మట్టి అంటని బూట్లతో ఆవిడ తమ్ముడొచ్చాడు. "ఓనర్‌గారొచ్చారు, గ్రూప్ ఫొటో దిగుదాం రండి!" అంటూ మావారు కెమెరా తీసి ఆవిడ చేతిలోనే పెట్టారు. ఆయనకు చేతులెలా వచ్చాయో!

ఆ ఫొటోలో ఓ మూల మసగ్గా ఆవిడ బొటనవేలు పడింది. "క్రాప్ చేసెయ్, నీట్‌గా ఉంటుంది," అంటారు మావారు.

ఆ వేలి జోలికొస్తే ఊరుకోనన్నాను.