శిఖరం తీసేసిన ట్రేలు: టేక్మాల్ టమాటతో మెదక్ మీదుగా పట్నం దాకా

ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. మా మేనత్త సత్తెమ్మ టేక్మాల్ దగ్గరి పల్లెలో ఎకరం నేలలో టమాట వేసింది. కట్టెలు పాతి, తీగ లాగి, మొక్కమొక్కకూ తాడు కట్టి సాకింది. మొన్న మెదక్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు, ఈ కోత అయ్యాక తోట పీకేస్తానని, చేను కౌలుకిచ్చి ఏదైనా కంపెనీలో పనికి పోతానని, చాయ్‌లో చక్కెర ఎక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. పట్నం మార్కెట్‌కు పంపిన ప్రతిసారీ మూడో వంతు సరుకును నలిగిందని పక్కకు తీసేస్తున్నారట. ఎంత కష్టపడ్డా ఆ మూడో వంతు మాత్రం తిరిగి రావడం లేదట.

నా సంచిలో ఎప్పుడూ నాలుగైదు కరపత్రాలు ఉంటాయి. రైతు సభల్లో బల్లమీద ఉచితంగా పెట్టేవి, పిన్నులు ఊడిపోయే సన్న పుస్తకాలు. నా చదువంతా అవే. వ్యవసాయ సరఫరా గొలుసు గురించి అవి చదివి చదివి నాకొక సంగతి ఖాయమైపోయింది: రైతుకూ తినేవాడికీ మధ్యలో నిలబడ్డవాడే దొంగ. అందుకే ఈసారి సరుకుతో పాటు నేనూ వస్తానని, పట్నంలో రైతుల సరుకు అమ్మిపెట్టే ఆ కమీషన్ ఏజెంట్‌ను పదిమందిలో నిలదీస్తానని అత్తమ్మకు చెప్పాను. "కొట్లాటకైతే రాకు కోడలా, ట్రేలు ఎత్తనీకైతే రా" అన్నది. ఆమెకు కొడుకుల్లేరు. అయినా నేను పుట్టినప్పటి నుంచీ కోడలినే.

మెదక్ నుంచి టేక్మాల్‌కు బస్సులు పాపన్నపేట మీదుగా పోతాయి. గంటకు అటూ ఇటూ పడుతుంది. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు ఉంటే చాలు, టికెట్టుకు డబ్బులు లేవు. మగవాళ్ళు చిల్లర పెట్టుకుంటే కండక్టర్ తిట్టడు. మంజీరా వంతెన దాటేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, గాలి బాగుంటుంది. నేను మధ్యాహ్నం బస్సు పట్టుకుని, టేక్మాల్‌లో దిగి షేర్ ఆటోలో ఊరు చేరాను. ఎండ తగ్గాక కోత మొదలుపెడతారు కాబట్టి మీరూ ఆ వేళకే చేరుకుంటే మంచిది.

తోటలో అత్తమ్మ, నేను, ఇంకో ఇద్దరు కూలి ఆడవాళ్ళం. పని ఒక పద్ధతిగా సాగింది. తెంపిన కాయ బకెట్‌లోకి, బకెట్ నుంచి గట్టుమీది ప్లాస్టిక్ ట్రేలోకి. అంచుదాకా నిండగానే నేను ఇంకో ట్రే అందుకోబోతే అత్తమ్మ నా చెయ్యి ఆపింది. ఇంకో రెండు దోసిళ్ళ కాయలు తెచ్చి, అంచుమీద గుట్టలాగా పేర్చింది. దాన్ని ఆ ఊళ్ళో శిఖరం అంటారు. వాళ్ళ నాన్న వడ్లు కొలిచినా కుంచం మీద శిఖరం పోకుండా కొలిచేవాడట. "అంచుకు కొట్టి ఇచ్చుడు మా ఇంట్ల లేదు. చూసెటోళ్ళు పిసినారిదనుకోరా" అన్నది. పట్నంలో ఎలాగూ కొన్ని తీసిపారేస్తున్నారు కాబట్టి ఈ మధ్య ఇంకొంచెం ఎక్కువే పేరుస్తున్నానని కూడా చెప్పింది. ఆ ఊళ్ళో అందరి ట్రేలూ అట్లాగే ఉన్నాయి. మోసపోతూ కూడా నిండుగా కొలిచే చెయ్యి! సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి, ఏజెంట్ ముందు చెప్పాల్సిన ఉపన్యాసంలో ఈ మాట కూడా కలుపుకున్నాను.

తెల్లవారుజామున యాదగిరి ట్రాలీ ఆటో తెచ్చాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళ కూరగాయలన్నీ పట్నం తోలేది అతనే. కిరాయి మూడువేల దాకా అడుగుతాడు. ఇద్దరు ముగ్గురు రైతులు కలిస్తే భారం పంచుకోవచ్చు. ఆరోజు మాత్రం బండిలో మా ఇరవైనాలుగు ట్రేలే ఉన్నాయి. ఒకదానిమీద ఒకటి, మూడేసి వరసలు. ముందు డ్రైవర్ పక్కన ఒక్కరికే చోటు, అక్కడ అత్తమ్మ కూర్చుంది. నేను వెనక గోనెసంచి పరుచుకుని ట్రేలకు వీపు ఆనించి కూర్చున్నాను. సరుకు బండి వెనక మనుషులు ఎక్కకూడదు. మీరు ఆ పని చేయొద్దు, నేను చేశాను.

టేక్మాల్ దాటి మొదటి స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరినప్పుడు వెనక ఏదో మెత్తగా చిట్లిన చప్పుడు వినిపించింది. రెండో దానిమీద మళ్ళీ. పాపన్నపేట వచ్చేసరికి పచ్చి టమాట రసం వాసన ముక్కుకు తగిలింది. వంతెన మీద చున్నీ వీపుకు అతుక్కుంది. చేత్తో తడిమితే గింజలు. సంచి తీసి చూస్తే కరపత్రాలన్నీ ఎర్రగా నానిపోయి ఉన్నాయి. మెదక్ పొలిమేరలు వచ్చేదాకా నేను వెనక్కి తిరిగి, సెల్‌ఫోన్ లైటు వేసుకుని ట్రేల మధ్య సందుల్లోకి చూస్తూనే ఉన్నాను. బండి ఎగిరిన ప్రతిసారీ పై ట్రే అడుగు కింది ట్రే శిఖరం మీద పడుతోంది. రోకటిపోటు అంతే.

మెదక్ కూరగాయల మార్కెట్ దగ్గర చాయ్‌కి బండి ఆగింది. నేను దూకి దిగి, గట్టిగానే అరిచాను అనుకుంటా, చాయ్ బండి దగ్గరివాళ్ళంతా ఇటు చూశారు. యాదగిరి వచ్చి నా చున్నీ చూసి, రోడ్డును తిట్టాడు. ఎన్నిసార్లు చెప్పినా గుంతలు పూడ్చరన్నాడు. అత్తమ్మ దిగి, ఇట్లా రసం కారుతుందనే రేటు కోస్తాడని ఏజెంట్‌ను తిట్టింది. విత్తనమే మెత్తదని ఏజెంట్ అంటాడట. దొంగతనమంతా మధ్యలోనే ఉందని నేను నిన్నటిదాకా అన్నాను. ఒక్కొక్కరం ఒక్కొక్కరిని తిట్టుకుంటూ ఎన్ని కోతలు పోగొట్టుకున్నామో!

పైవరస దించి, రెండో ట్రేను అత్తమ్మ ముందు పెట్టాను. మీది గుట్టంతా పగిలింది. దాని కింద కాయలు చెక్కు చెదరలేదు, కానీ రసం కారి తడిసిపోతున్నాయి. అన్నిటికన్నా పైన ఉన్న ట్రే మాత్రం నిన్న తెంపినట్టే ఉంది.

"అత్తమ్మా, ఏజెంట్ ఇంక ముట్టుకోనే లేదు. మనం ఇంక మెదక్‌లనే ఉన్నం" అన్నాను.

ఆమె పగిలిన కాయనొకటి తీసుకుని రెండు చేతుల మధ్య పట్టుకుంది. శిఖరం తీసేద్దామని నేనంటే వినిపించుకోలేదు. అంచుకు కొట్టిన ట్రే చూసి పట్నంవాళ్ళు తక్కువ తెచ్చిందనుకుంటారని, పరువు పోతుందని అన్నది. నీ పరువు నా చున్నీ నిండా ఉందని అనేశాను. ఆ మాట ఎక్కువే. ఆమె చేతిలోని పగిలిన కాయను తిప్పి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా, "అంటే ఇన్నిదినాలు నా చేతులతోని నేనే నలుపుకున్న" అన్నది.

"నువ్వొక్కదానివే కాదు సత్తెవ్వా" అన్నాడు యాదగిరి. "టేక్మాల్ మండలమంత నలుపుతున్నది. నేను కిరాయి తీసుకొని తోల్తున్న."

అత్తమ్మకు నవ్వొచ్చింది. కొంగు నడుముకు దోపుకుని ట్రే ముందు కూర్చుంది. మొదటి దోసిలి ఆమే తీసింది.

తీసిన కాయలు పోయడానికి ఖాళీ ట్రేలు కావాలి. పక్కనే, నాకు తెలిసిన లలితక్క తన కూరగాయల దుకాణం తెరుస్తోంది. పట్నం నుంచి వచ్చిన వ్యాను అప్పుడే ఆమెకు టమాట దించి పోయింది. అది చూడగానే నాకు మళ్ళీ మండింది. గంట దూరంలో టమాట పండుతుంటే పట్నం నుంచి తెప్పించుకుంటావా అని అడిగాను. ఆమె ట్రే దులుపుతూ తాపీగా జవాబిచ్చింది. "మీ రైతు రేటు పడ్డప్పుడు వద్దన్నా నా దుకాణం ముంగట దించుతడు. రేటు లేసినప్పుడు ఫోను ఎత్తడు. పట్నం బండి రోజు వస్తది చెల్లే. నేను రోజు అమ్మాలె గద." ఆ ట్రేల వైపు చూసి యాదగిరి, ఇవి మొన్న నేను తోలుకపోయినవే తిరిగొచ్చి ఉంటాయన్నాడు.

ఖాళీ ట్రేలిస్తూనే లలితక్క మా కాయను ఒకటి తీసి నొక్కి చూసింది. ఇంకొకటి చూసింది. శిఖరాల నుంచి ఏరిన మంచి కాయలు రెండు ట్రేలయ్యాయి. రెండూ ఆమే తీసుకుంది. ఇంకో నాలుగు ట్రేలు బండిలోంచి దింపించుకుంది. పగిలినవాటిని పచ్చడికని చాయ్ బండి ఆయన పట్టుకుపోయి, మా చాయ్‌కి డబ్బులు వద్దన్నాడు. అంతా అయ్యాక లలితక్క అత్తమ్మను చూసి, "రోజు తప్పించి రోజు గిన్నే ట్రేలు తెస్తవా అక్కా? రేటు లేసిందని పట్నం ఉరుకొద్దు, పడ్డదని డబుల్ దించొద్దు. గదే నా షరతు" అన్నది. తోట పీకేస్తానన్న మనిషిని అడుగుతోంది. నేను అత్తమ్మ మొహంలోకి చూశాను. అత్తమ్మ "చూస్త" అని మాత్రం అని బండెక్కింది.

మెదక్ నుంచి నర్సాపూర్ మీదుగా హైదరాబాద్‌కు రెండున్నర గంటలు వేసుకోండి. నర్సాపూర్ అడవిలో కోతులు రోడ్డుకు రెండువైపులా బారులు తీరి ఉంటాయి. సరుకు మీద పట్టా కప్పకుండా అక్కడ బండి ఆపొద్దు. ఈసారి నేను ముందు సీటులో అత్తమ్మతో ఇరుక్కున్నాను. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ముగ్గురం మాట ఆపి వినేవాళ్ళం. చప్పుడు లేదు. యాదగిరి కూడా మునుపటికంటే నెమ్మదిగా ఎక్కించి దించుతున్నాడు. అడిగితే ఒప్పుకోలేదు.

పట్నం మార్కెట్‌లో నా ఉపన్యాసం చెప్పే అవకాశం రాలేదు. ఏజెంట్ అలవాటు ప్రకారం ట్రేలోకి మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి అడుగునుంచి కాయలు తీశాడు. ఇంకో ట్రే చూశాడు. "విత్తనం మార్చినవా అమ్మా?" అని అడిగాడు. "నింపుడు మార్చిన" అన్నది అత్తమ్మ. ఒక్క ట్రే కూడా పక్కకు పెట్టలేదు. అంచుకు కొట్టిన ట్రేలు చూసి తక్కువని కూడా ఎవరూ అనలేదు, ఎందుకంటే అక్కడ కాటా ఉంది. శిఖరాన్ని చూసి మెచ్చుకునేవాళ్ళు అక్కడ ఎప్పుడూ లేరు.

అట్లాగని నేను ఊరికే రాలేదు. నమూనా అని చెప్పి ఏజెంట్ మనిషి ప్రతి రైతు సరుకులోంచీ తన బుట్టలోకి కాయలు వేసుకుంటున్నాడు. చూసిన తర్వాత నమూనా ఎందుకు తిరిగి ఇవ్వరని అడిగాను. గొంతు లేచింది. పక్క రైతులు కూడా బుట్ట వైపు చూడటం మొదలుపెట్టేసరికి అతను మావి మాకు పోశాడు. అత్తమ్మ నన్ను ఆపలేదు. కరపత్రాలు అబద్ధం చెప్పలేదు. సగం కథ చెప్పాయి, అంతే.

వాపసు వచ్చేటప్పుడు నర్సాపూర్‌లో భోజనం చేశాం. ఖాళీ ట్రేలు వెనక ఎగిరెగిరి పడుతుంటే యాదగిరి పాటలు పెట్టాడు. మెదక్‌లో నన్ను మా గల్లీ దగ్గర దించబోతుంటే అత్తమ్మ ఒక విత్తనాల దుకాణం ముందు బండి ఆపమన్నది. దిగి లోపలికి పోయి, రెండు పెద్ద ఉండల పురికొస పట్టుకుని వచ్చింది. మొక్కల్ని కట్టెలకు కట్టే తాడు అది.

పీకేసే తోటకు తాడెందుకని అడిగాను.

"కొమ్మలు వంగుతున్నయి" అన్నది అత్తమ్మ, ఉండల్ని ఒళ్ళో పెట్టుకుంటూ. "కట్టకుంటే ఎల్లుండి లలితమ్మకు మట్టి కాయ ఇయ్యాల్నా?"

గొలుసు అనే మాట చదివినప్పుడల్లా నాకు దూరాన ఎక్కడో ఎవరో పట్టుకున్న ఇనుప గొలుసే కళ్ళ ముందు ఆడేది. దాన్ని తెంచాలని తప్ప, దాంట్లో మన వేళ్ళు కూడా ఉన్నాయని తోచలేదు. నిండుగా ఇవ్వాలన్న అత్తమ్మ మనసులో ఏ తప్పూ లేదు. కుంచం మీద కుంచం పెట్టరు, ట్రే మీద ట్రే పెడతారు, అంతే తేడా. నా కోపం ఎక్కడికీ పోలేదు. రోడ్డు గుంతల మీద ఉంది, నమూనా బుట్ట మీద ఉంది, పట్నం పోయి తిరిగొచ్చే మన ఊరి టమాట మీద ఉంది. కానీ ఇప్పుడు ఒక్కొక్కదాన్ని ఒక్కొక్కచోట దించుకోగలను. కరపత్రాలు ఆరబెట్టాను. అట్టలు ఎర్రగానే ఉన్నాయి, చదవడానికి పనికొస్తాయి.

మీరూ మీవాళ్ళ సరుకుతో బయలుదేరుతుంటే ఒక్క పని చేయండి: ట్రేను అంచుకు రెండు వేళ్ళ కిందనే ఆపండి. మీద ఇంకో ట్రే పెట్టి, పక్కనుంచి వంగి చూడండి. దాని అడుగు ఏ కాయనైనా తాకుతుంటే ఆ కాయ తీసి మీ జేబులో వేసుకోండి. దారిలో ఆకలేస్తుంది.