మోకాళ్ల నొప్పులని చెప్పారు

మా మేనత్త పోయిందని బరంపురం నుంచి చిన్నాన్న ఫోన్ చేశాడు. "అక్క ఎల్లిపోయిందమ్మా. సుకపడింది" అన్నాడు. సుఖపడిందట! నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఛత్రపురంలో బస్సెక్కి ఆ ఇంటి ముందు దిగేదాకా ఆ మంట తగ్గలేదు. ఇది రాస్తుంటే కూడా తగ్గడం లేదు, పాఠకులు మన్నించాలి.

అత్త బడిపంతులమ్మ. చిన్న వయసులోనే భర్త పోతే తమ్ముడి ఇంట్లో, అంటే ఈ చిన్నాన్న ఇంట్లోనే ఉండిపోయి, తన జీతంతో ఆ ఇంటిని నిలబెట్టింది. మా నాయనమ్మ ఆఖరి రోజుల్లో కన్నబిడ్డల్నే గుర్తుపట్టలేదు. ఆవిడ తల్లికీ అంతేనట. ఆ ముప్పు రక్తంలో దిగిరావచ్చనీ, అయినా వచ్చి తీరుతుందని బెంగపడొద్దనీ, రోజూ నడిస్తే మెదడుకు మంచిదనీ డాక్టరు చెప్పాడు. మర్నాడే అత్త గుడ్డబూట్లు కొనుక్కుంది. నేతచీర కింద బూట్లు! వీధి వీధంతా నవ్వింది. పిన్నయితే "ఈ వయసులో ఈ సోకులేటో" అని మూతి తిప్పింది.

"మా అమ్మ నాకేటి ఇచ్చి ఎల్లిందో నాకు తెలీదే. కాళ్లు మాత్రం నావే గదా" అనేది నాతో. దిగపహండి బస్సులు పోయే రోడ్డు వెంట ఆవిడ నడుస్తుంటే పక్కన నేను పరిగెత్తాల్సి వచ్చేది. ఆయాసపడితే "నీదీ అదే రగతం. నడు" అని కసిరేది. దారిలో పాత విద్యార్థి ఎవరైనా ఎదురైతే, వాడికి నెత్తి నెరిసినా సరే, ఎక్కం అప్పజెప్పించుకునేది. ఇవాళ నేను పొద్దున్నే లేచి నడుస్తున్నానంటే ఆ కసుర్ల చలవే.

డెబ్బై దాటాక మరుపు మొదలైంది. ఒకరోజు ఇంటిదారి తెలియక టీకొట్టు బల్ల మీద కూర్చుండిపోయింది. ఆవిణ్ణి రోజూ "మావుసీ" అని ఒడియాలో పిన్ని వరస పెట్టి పిలిచే కొట్టతను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దిగబెట్టాడు. జరిగిందల్లా అంతే. నడక మానొద్దు, ఎవరైనా తోడు వెళ్తే చాలన్నాడు డాక్టరు. కానీ అప్పుడే చిన్నాన్న కూతురికి సంబంధం కుదురుతోంది. పెళ్లికొడుకు వాళ్లది పక్క వీధే.

"ఇది ఇంటిజబ్బని ఆళ్లకి తెలిస్తే పిల్లని ఎవులు సేసుకుంటారు?" అంది పిన్ని. వరండా గ్రిల్లుకి తాళం పడింది. అడిగినవాళ్లకి మోకాళ్ల నొప్పులని చెప్పారు.

సెలవు రోజుల్లో నేనొచ్చి తిప్పుతాను, మిగతా రోజులకి మనిషిని పెడదామన్నాను. "పెళ్లయ్యేదాకా ఓపిక పట్టమ్మా" అన్నాడు చిన్నాన్న. పెళ్లయింది. "ఇప్పుడు తెలిస్తే పిల్లని దెప్పరేటి?" అన్నాడు. ఆ పిల్లకి పాప పుట్టింది. "పసిదాని మీద కూడా ఈ మాట పడాలా?" అన్నాడు. "జైల్లో ఖైదీలనైనా కాసేపు తిరగనిస్తారు చిన్నాన్నా!" అని వీధికి వినపడేలా అరిచాను. ఆయన లేచి తలుపులు మూశాడు.

మొదట్లో అత్త గ్రిల్లు పట్టుకుని "తాళం తియ్యండ్రా, పొద్దెక్కిపోతంది" అనేది. తర్వాత గదిలోనే ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచేది. తర్వాత కూర్చుంది. ఇక లేవలేదు.

తాళం వల్లే జబ్బు ముదిరిందని నేననను. నడిచినా ముదిరేదేమో, ఎవరు తేల్చి చెప్పగలరు? రక్తంలో ఉన్నదాని మీద ఎవరికీ అధికారం లేదు, ఒప్పుకుంటాను. ఆవిడ చేతిలో మిగిలిన ఆ ఒక్కదాన్నీ లాక్కునే అధికారం వీళ్లకెవరిచ్చారు? అందుకు వీళ్లని నేను క్షమించను.

ఆఖరి స్నానం చేయిస్తున్నప్పుడు అత్త కాళ్లు నేను పట్టుకున్నాను. పిక్కలు కరిగిపోయి చేతికి ఎముక తగిలింది. నీళ్లు పోస్తున్న చిన్నాన్న కూతురి అత్తగారు ఆ అరికాళ్లు నిమిరి, "ఎంత మెత్తగున్నాయో సూడండి! మారాణిలాగ కూకోబెట్టి సూసుకున్నారమ్మా" అని మెచ్చుకుంది. పిన్ని తల దించుకుంది. నేను ఆ పాదాల్ని వదల్లేదు. ఇంకా నేల తాకని పసిబిడ్డ పాదాల్లా ఉన్నాయవి.