భాయ్ కొన్న చెవిదొప్పలు

ఆ రోజు పొద్దున్నుంచీ ఆకు కదల్లేదు. ఎనిమిదింటికే వీపు కాలడం మొదలైంది. బావి కింద వేసిన వేరుశనగ పీకించే పని పెట్టుకున్నాను. ముందురోజు తడి పెట్టి ఉండాల్సింది. కరెంటు లేక పెట్టలేదు. నేల బిగుసుకుపోయి చెట్టు చేతికి వస్తోంది, కాయ మట్టిలోనే ఉండిపోతోంది. కూలికి వచ్చిన ఆడవాళ్ళు గొణుక్కుంటూ చిన్న పారలతో తవ్వుతున్నారు. అందరికంటే ఆలస్యంగా వచ్చినామె గట్టుమీద నిలబడే చెప్పింది.

"మైకుసెట్టు భాయ్ పోయినాడంటన్నా. టీ తాగి మంచంమీద ఒరిగినాడంట. మళ్ళా లేయలేదంట."

పని ఆపొద్దని చెప్పి, కాళ్ళూ చేతులూ కడుక్కుని బయల్దేరాను. దారిలో ద్రౌపదమ్మ గుడి వైపు నుంచి మైకు వినబడుతోంది. భారతం జరుగుతున్న రోజులు. తిరుపతి నుంచి వచ్చిన కొత్తవాళ్ళ మైకు అది. నేను వంక దాటుతుండగా పాట మధ్యలో ఆగిపోయింది. కబురు అక్కడికీ చేరిందన్నమాట.

నాకు ముందు దుఃఖం రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీద అని ఆ రోజు అడిగి ఉంటే చెప్పలేకపోయేవాణ్ణి.

మా ఊరు చంద్రగిరికి నాలుగు మైళ్ళు. చుట్టుపక్కల పది ఊళ్ళలో పెళ్ళికైనా, ఉరుసుకైనా, ఓట్ల మీటింగుకైనా ఇరవై ఏళ్ళకు పైగా మైకు పెట్టింది ఆయనే. అందులో ఆయన తనదిగా అనుకున్నది మాత్రం మా ఊరి భారతం. ఏటా ఎండాకాలంలో పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి నాటకం. మిగతా పనులు కూటి కోసమనీ, భారతం పేరు కోసమనీ అనేవాడు. రంజాను నెల దాంతో కలిసి వచ్చినప్పుడు కూడా ఉపవాసం ఉండి చెట్టెక్కేవాడు.

హారన్ను చెట్టుకు కట్టేముందు కొమ్మకు గోనెపట్ట చుట్టేవాడు. చెట్టు మీద జాలి అనుకునేరు. "గాలికి కొమ్మ రాసుకుంటే గొంతు మారతాదప్పా" అనేవాడు. తరవాత కొమ్మ మీదికి ఒరిగి, కుడిచేత్తో హారన్ వెనకున్న మర తిప్పుతూ, ఎడమ చెవిని హారన్ నోట్లోకి పెట్టేవాడు. కింద ఎవరో ఒకరు మైకులో "ఒకటి, రెండు" అనాలి. మూడు అననిచ్చేవాడు కాదు.

"రెండుతో తెలీంది మూడుతో తెలస్తాదా? దిగొస్తా ఉండా, మైకు ముట్టుకోగాకండి."

దిగి, గుడి దగ్గర ఆగకుండా, చెరకు తోటల దాకా నడిచి వెళ్ళి అక్కడ నిలబడి వినేవాడు. దగ్గర కూర్చున్నవాడికి ఎట్లాగూ వినబడుతుంది, కాలు నొప్పితో ఇంట్లోనే ఉండిపోయిన ముసలామెకు వినబడాలి అని ఆయన లెక్క.

మూడేళ్ళ కింద భారతంలో మాట కీచుమనడం మొదలైంది. హరికథ భాగవతారు చిత్తూరు వైపు మనిషి, పెద్దవాడు, బరువైన గొంతు. ఆ గొంతు హారన్లోంచి రేకు మీద మేకు గీకినట్టు వచ్చేది. ముందు వరసలో ముసలివాళ్ళు తువ్వాలు చెవులకు చుట్టుకున్నారు. భారతం కమిటీకి పెద్ద మా ఊళ్ళో బియ్యం అంగడి పెట్టుకున్న శెట్టి. ఆయన జనం ముందరే అడిగాడు.

"ఏం భాయ్, ఆయన కథ సెప్తా ఉండాడా, తగరం గీకతా ఉండాడా?"

"నీ బియ్యంలో రాళ్ళుంటే వండినామెను తిడతావా శెట్టీ? మైకులో ఏం పోతే హారన్లో అదే వస్తాది."

అందరూ నవ్వారు. భాయ్ మాత్రం నవ్వలేదు. మైకు మార్చాడు, తీగలు మార్చాడు, యాంప్లిఫయరు పెట్టె విప్పి వాల్వులు మార్చాడు. గొంతు ఇంకా పదును కావాలన్నట్టు మర తిప్పుతూనే పోయాడు. తిప్పేకొద్దీ మా చెవులు పోయాయి.

తిరుపతిలో ఏదో సభలో మైకువాడు రెండు చెవులకూ నల్లటి దొప్పలు తగిలించుకుని కూర్చోవడం ఆయన చూశాడు. హెడ్‌ఫోను అంటారని నేను చెప్పినా ఆయన నోటికి అది దొప్పలే. తప్పు మైకులో ఉందో, పెట్టెలో ఉందో, హారన్లో ఉందో దాంతో తేలిపోతుందని పట్టుబట్టాడు. నేను పదో తరగతి దాకా చదివాను, పెట్టెమీద ఇంగ్లీషు చదవగలను. అందుకని నన్ను తోడు తీసుకుపోయాడు.

తిరుపతి అంగట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి మన దేశంలో చేసింది, తేలిక, స్పాంజి గుడ్డ చుట్టినది. ఇంకొకటి మదరాసు మీదుగా వచ్చిన ఫారిన్ సరుకు, బరువు, చెవి మొత్తం కప్పేస్తుంది. దాని ధరకు కొత్త హారన్ ఒకటి వస్తుంది. నేను తేలికదాన్ని ఆయన చేతిలో పెట్టాను.

"పాడేది తగరపు హారన్లో. దాన్ని వినేదానికి ఇంత ఖరీదుది ఏంటికి భాయ్? హారనే కొనుక్కో."

"నీకు తెలీదప్పా. ఇనేది నాసిరకందైతే, తప్పు దాందా నాదా అని ఎట్ల తేల్చుకునేది? తూకంరాయి సరిగ్గా ఉంటేనే కదా తూకం."

అంగడివాడు సినిమా పాట పెట్టబోతే వద్దని, సంచిలోంచి తన టేపు తీశాడు. ముందటి భారతంలో భాగవతారు కథ రికార్డు చేసుకున్నది. "పాటలో అన్నీ కలిసిపోయుంటాయి. పద్యానికి ముందర ఊపిరి పీలస్తాడే, అది ఇనపడాల." తేలికది పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. బరువుది పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తీయలేదు.

"ఇనపడతా ఉండాది. ఎడమ పక్క మాత్రం మందంగా ఉండాది."

"కొత్తది కదా భాయ్, వాడేకొద్దీ తెరుచుకుంటాది" అన్నాడు అంగడివాడు.

అది అబద్ధమని ఎవరైనా అనుకుంటారు. భాయ్ అనుకోలేదు. కొత్త హారన్ కూడా పది రోజులు పాడితే గానీ గొంతు విప్పదు కాబట్టి ఇదీ అంతే అని నాకే నచ్చజెప్పాడు. కొన్నాడు.

నెల రోజులు దాన్ని పాడించాడు. అట్టపెట్టెలో దాచిపెట్టినప్పుడు కూడా పాడుతూనే ఉండనిచ్చాడు. ఎడమ పక్క తెరుచుకోలేదు. తిరుపతిలో రేడియో మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాడు. అతను తీగ విప్పి, చూసి, రెండు పక్కలా ఒకే మాదిరి వస్తోందన్నాడు. భాయ్ అతన్ని పని రానివాడన్నాడు. నేను ఊరుకోలేక, "ఖరీదుది వద్దని సెప్తే ఇంటివా?" అని రెండుసార్లు దెప్పిపొడిచాను. అది నాకు ఇప్పుడు గుర్తు రాకుండా ఉంటే బాగుండును.

చివరికి మదరాసు పోయాం. హార్బరు దగ్గర ఫారిన్ సామాన్ల అంగళ్ళలో అలాంటివే వేలాడుతున్నాయి. మార్చి ఇమ్మని అడిగాం. అంగట్లో ఉన్న పిల్లవాడు తీసుకుని తన తలకు పెట్టుకున్నాడు.

"రెండు పక్కముం పాడుదు సార్."

నేను పెట్టుకున్నాను. అతను చెప్పిందే నిజం, రెండు పక్కలా పాడుతోంది. భాగవతారు నా తల మధ్యలో నిలబడి పాడుతున్నాడు. నేనేమీ అనకముందే భాయ్ లాక్కుని పెట్టుకున్నాడు.

"ఎడమ పక్క సచ్చిపోయుండాది. నీకు ఇనపడలేదా?"

ఆ పిల్లవాడు బల్ల మీదినుంచి చెయ్యి చాపి, ఆయన తలమీది దొప్పలను తీసి, అటుది ఇటు, ఇటుది అటు తిప్పి పెట్టాడు. అంతే చేశాడు. భాయ్ విన్నాడు.

"ఇప్పుడూ ఎడమ పక్కే" అన్నాడు.

అన్నాక ఆ మాట తనకే వినబడినట్టుంది. దొప్పలు తీశాడు. తీగ వంకర లేకుండా చుట్టాడు, పెట్టెలో పెట్టాడు, మూత నొక్కాడు. పిల్లవాడు నా వైపు చూసి, పక్క అంగడికి కేకేసి రెండు టీలు తెప్పించాడు. మార్చడం సంగతి ఎవరూ ఎత్తలేదు.

బస్సులో నేను ఆయనకు ఎడమ పక్క కూర్చున్నాను. పుత్తూరు దాటాక నన్ను లేపాడు.

"ఈ పక్కకు రాప్పా. మాట్లాడాల."

కుడి పక్కకు మారాను. ఇరవై ఏళ్ళు ఆ చెవినే హారన్ నోట్లో పెట్టాననీ, చెట్టుమీద చెయ్యి మార్చుకునే చోటుండదనీ చెప్పాడు. ఎవరినీ తిట్టలేదు. "తక్కువరకంది కొనుంటే దాన్నే తిట్టుకుంటా ఇంకో పదేండ్లు గడిపేసేవాణ్ణి" అన్నాడు.

"ఒక చెవి బాగుంది కదా భాయ్."

"నీకు బాగుండాది. మైకోడికి సెవి లేదని తెలస్తే పెండ్లికి ఎవురు పిలస్తారు? భారతం ఎవురిస్తారు? ఎవురికీ సెప్పొద్దు. నా మింద ఆన."

సరే అన్నాను. ఆ ఒక్క మాట అంత తొందరగా ఎందుకిచ్చానో తెలియదు. బస్సులో జనం ఎక్కువగా ఉన్నారు, ఆయన గొంతు పెద్దదిగా ఉంది, ఎవరైనా వింటారని భయపడి ఉంటాను.

ఆ తరవాత వచ్చిన భారతానికి చెవి హారన్లో పెట్టలేదు. కింద యాంప్లిఫయరు పెట్టె ముందు కూర్చుని, దొప్పలు తగిలించుకుని, కుడి చెవితోనే వింటూ దాని మరలు సరిచేశాడు. మొదటిరోజే కీచు పోయింది. పద్యానికి ముందు భాగవతారు ఊపిరి పీల్చడం చెరకు తోటల దగ్గర నాకు వినబడింది. కథ అయ్యాక భాగవతారు పట్టుశాలువ భుజాన వేసుకుని పెట్టె దగ్గరికి వచ్చాడు.

"భాయ్, ఈ యేడు నా గొంతు నాకు ఇచ్చినావయ్యా."

ఖరీదైన సామాను దండగా కాదా అని ఇప్పుడు మా ఊరి కుర్రవాళ్ళు టేపురికార్డర్లు కొనేముందు నన్ను అడుగుతుంటారు. దండగ కాదనే చెబుతాను. అది చేయాల్సిన పని చేసింది. మిగతాది చేయాల్సింది మనుషులం, మేం చేయలేదు.

చెవులకు దొప్పలు పెట్టుకుంటే ఆయన పక్కన పిడుగు పడినా తెలియదు. భోజనానికి పిలిస్తే పలకడు. పొరుగూళ్ళ నుంచి వచ్చిన చుట్టాల పేర్లు మైకులో చదవమని చీటీ ఇస్తే చూడడు. దొప్పలు తీసినప్పుడు కూడా ఎడమ వైపు నుంచి పిలిస్తే అంతే. శెట్టి ఒకరోజు అందరి ముందూ మూడుసార్లు పిలిచాడు. భాయ్ తల తిప్పలేదు. "దొర అయిపోయినాడప్పా మన భాయ్" అన్నాడెవడో. 

మరుసటి ఏడు కమిటీ గుడి అరుగు మీద కూర్చుంది. తిరుపతి మైకు పార్టీకి ఇద్దామన్నారు. శెట్టి చివరికి, "భాయ్ పెద్దోడైపోయినాడు, ఈ యేటికి ఆయన్ను కష్టపెట్టొద్దు" అన్నాడు. అని నా వైపు చూశాడు. ఆయనకు ఒక పక్కే ఇబ్బందనీ, మొన్నటి భారతంలో మైకు ఎంత బాగుందో మీరే విన్నారనీ, పిలుపులు అందుకోవడానికి ఒక మనిషిని పక్కన కూర్చోబెడితే చాలనీ చెప్పేందుకు నాకు నిమిషం పట్టేది కాదు. ఆన గుర్తొచ్చింది. చెబితే ఆయన ముఖం ఎట్లా చూడాలన్నది అంతకంటే ఎక్కువ గుర్తొచ్చింది. అరుగు మీది గడ్డిపరకలు ఏరుతూ కూర్చున్నాను.

కబురు చెప్పేందుకు నన్నే పంపారు. ఆయన కుడి పక్క కూర్చుని చెప్పాను. "తిరుపతోళ్ళు కొమ్మకు గోనెపట్ట కడతారా?" అని అడిగాడు. కట్టరనుకుంటా అన్నాను. "సెప్పు వాళ్ళకు" అన్నాడు. నాతో మాట్లాడడం ఆయన మానలేదు, అదే నాకు కష్టంగా ఉండేది. తరవాత పెళ్ళిళ్ళూ తగ్గాయి. ఈ ఏడు భారతం మొదలైన రోజు ఆయన ఇంటి ముందునుంచి పోయాను. మంచంమీద కూర్చుని, కుడి చెవి గుడి వైపు పెట్టి వింటున్నాడు. "లోగొంతు ఎక్కువ పెట్టినారు. మాట తేలడంలే" అన్నాడు. ఆయన నాతో అన్న చివరిమాట అదే.

మధ్యాహ్నం నమాజు అయ్యాక కబరస్థానానికి తీసుకుపోయారు. శెట్టి పొద్దున్నే మైకు ఆపించి, కమిటీ వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. గోడ నీడలో ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. ఇక ఆన ఎవరి కోసం అనిపించింది.

"శెట్టీ, భాయ్‌కి ఎడమ సెవి ఇనపడదు. నాకు తెలిసి రెండేండ్లు దాటింది. సెప్పొద్దన్నాడు."

శెట్టి నా ముఖం చూశాడు.

"ఇప్పుడు సెప్తా ఉండావా? ఊరికంతా తెలుసు. ఎడమ పక్క నిలబడి పిలస్తే పలకడని సిన్నపిల్లోళ్ళకు కూడా తెలుసు."

"తెలిసి ఏంటికి తీసేసినారు?"

"ఆయన నోటితో ఒక మాట అంటాడని సూసినాం. 'శెట్టీ, నాకు ఇట్లుండాది, ఒక మనిషినియ్యి' అనింటే ఇద్దరినిచ్చేవాళ్ళం. మేమే అంటే మొగం సిన్నబోతాదని అనలే. ఆయన అనకపోతే నువ్వన్నా అంటావని మీటింగులో నీ పక్క సూసినా. నువ్వూ అనలే."

  అవతల గుంతలోకి పారలతో మట్టి తోస్తున్నారు.

ఆ రోజు హరికథ రెండు గంటలకు మొదలు కావాలి. శెట్టి రెండున్నరకు గుడికి వెళ్ళాడు. తిరుపతి మైకువాళ్ళిద్దరూ వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళు శెట్టి వెనకే వెళ్ళారు. భాగవతారు తలకు తువ్వాలు కప్పుకుని మట్టి చదును చేసేదాకా నిలబడి, మూడింటికి వెళ్ళాడు. భాయ్ అల్లుడు నాలుగు గంటల బస్సుకు పీలేరు వెళ్ళాడు. నేను ఐదు దాటాక వచ్చేశాను.