ఆకియా పొదకు నేను రాసిన బోర్డు

మొన్న అల్ కుసైస్‌లో మా లేబర్ క్యాంపు వంటగదిలోకి అడుగు పెట్టేసరికి ఎవరో నిమ్మగడ్డి మరిగిస్తున్నారు. ఉడుకుతున్న పచ్చాకు వాసన ముక్కుకు తగలగానే నా చేతిలోని పళ్లెం జారి కింద పడింది. "క్యా హువా భాయ్?" అన్నాడు పొయ్యి దగ్గరున్నవాడు. "పళ్లేనికి ఎమర్జెన్సీ లీవ్ కావాలట" అన్నాను. అందరూ నవ్వారు. నేను మాత్రం పొయ్యి దగ్గరికే వెళ్లాను. ఎవరు ఏ ఆకు మరిగించినా, ముందు గిన్నెలోకి తొంగి చూసి, ఆ తర్వాతే ఊపిరి పీల్చుకోవడం నాకు జబ్బుగా మారింది. ఇది మల్లయ్య కాక వల్ల వచ్చింది. నిజం చెప్పాలంటే నా వల్ల కాకకు వచ్చిన జబ్బు ముందు, నాది తర్వాత.

మల్లయ్య కాకది జగిత్యాల దగ్గర పల్లె. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఇసుకలో చెట్లు బతికిస్తున్న మనిషి, మా నర్సరీకి ఫోర్‌మన్. నేను అమలాపురం నుంచి బీకాం పట్టాతో వచ్చి, మొక్కలకు పేర్ల చీటీలు రాసే గుమాస్తాగా చేరాను. మొదటి రోజు "బాబాయ్" అన్నందుకే క్లాసు పీకాడు. "బాబాయ్ గీబాయ్ ఏంది? కాకా అను. మా దిక్కు గట్లనే అంటరు." ఆయన పనితీరు వింతగా ఉండేది. ఏ కుండీకైనా నీళ్లు పోసే ముందు మట్టిలోకి రెండు కణుపుల దాకా వేలు దించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. "కాకా, మట్టికి జ్వరం ఎంతుంది?" అని అడిగేవాణ్ణి. "నీకన్న తక్వనే" అనేవాడు, కళ్లు తెరవకుండా.

రెండేళ్ల కిందట జెబెల్ అలీ వైపు ఒక హోటల్ వాళ్లు హవాయి తోట కావాలన్నారు. ఆ దీవుల్లో పుట్టిన చెట్లు, పొదలు కంటైనర్లలో దిగాయి. ఒక్కోదాని పక్కన, పూర్వం అక్కడివాళ్లు దాన్ని దేనికి వాడేవారో చెప్పే బోర్డు పెట్టాలి. వివరాల ఫైలు ఇచ్చారు, రాయడం నా పని. కాకకు ఇంగ్లీషు రాదు. అందుకని ప్రతి బోర్డూ ఆయనకు తెలుగులో చదివి వినిపించాలి, లేకపోతే మొక్క నాటనిచ్చేవాడు కాదు. "ఎవ్వల ఇంటి పిల్లనో ఎర్క లేకుంట ఎట్ల దోలుకొస్తవ్ రా?" అనేవాడు. అలా 'మీలో' అనే చెట్టు వంతు వచ్చింది. తీరా చూస్తే మా ఊరి గంగరావి! మేము దాని నీడలో బస్సు కోసం నిలబడతాం. వాళ్లు దాని చెక్కతో అన్నం గిన్నెలు తొలిచేవారట, తిండికి చెక్క రుచి అంటదని. మా మొగలి లాంటి చెట్టే వాళ్లకు హలా. ఆ ఆకులతో చాపలు, బుట్టలు అల్లేవారు. కాక ఒక్కో మాటా నోరు తెరుచుకుని వినేవాడు. నా ఉద్యోగానికి అంత గౌరవం మా నాన్న కూడా ఇవ్వలేదు.

చివరికి ఆకియా అనే పొద మిగిలింది. ఎర్రటి చిన్న కాయలు, చూడముచ్చటగా ఉంటుంది. ఫైల్లో దాని కాగితం లేదు. ముదీర్, అంటే మా మేనేజరు, తలుపు దగ్గర నిలబడి "యల్లా, తొందరగా, బోర్డులు సాయంత్రానికి వెళ్లాలి" అన్నాడు. ఎవరు చదువుతారులే అనుకుని రాసేశాను: 'దీవుల పెద్దలు ఈ ఆకును మరిగించి మోకాళ్ల నొప్పులకు తాగేవారు.' మోకాళ్లే ఎందుకు తట్టాయంటే, ఎదురుగా కాక మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. చదివి వినిపించాను. ఆయన తడి చేతిని లుంగీకి తుడుచుకుని, అక్షరాలను మెల్లగా తడిమాడు. "నిజమేనారా?" "బోర్డు మీద ఉంది కదా కాకా" అన్నాను. పక్కకు తిరిగి నవ్వుకున్నాను కూడా.

ఆదివారం మధ్యాహ్నం కాక గదిలో ఉండే సత్తయ్య నా తలుపు బాదాడు. "జల్ది రా! ముసలోడు కక్కుతనే ఉన్నడు, కండ్లు తేలేస్తుండు!" వెళ్లేసరికి కాక నేలమీద ముడుచుకుని ఉన్నాడు. పక్కన స్టీలు గ్లాసు, అడుగున ఆకులు. ఆ ఆకులను నేను గుర్తుపట్టాను. సత్తయ్యా నేనూ కలిసి కాకను లేపి బండెక్కించాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ "ఏం తాగాడు?" అంటే పేరు చెప్పాను. మొక్కలు పంపినవాళ్లకు ఫోన్ చేశాను. వాళ్లు తప్పిపోయిన కాగితం ఫోటో పంపారు. బెరడు నారతో తాళ్లు పేనేవారు. మొక్కను దంచి సముద్రపు రాతి గుంటల్లో కలిపితే చేపలు మత్తెక్కి పైకి తేలేవి. మనిషికీ విషమేనని పెద్దలు చెప్పేవారు. మూడో వాక్యం డాక్టరమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను.

రెండు రోజులకు కాక తేరుకున్నాడు. ముదీర్ వచ్చి ఎవరు తాగమన్నారని అడిగితే, "కోయీ నహీ సాబ్. మేరా హీ దిమాగ్ ఖరాబ్" అని తప్పు తన మీదే వేసుకున్నాడు. ముదీర్ వెళ్లాక నేను మంచం పక్కన నిలబడ్డాను.

"కాకా, నేను చెప్పే ప్రతిదీ సోదే అని నీకు తెలుసు కదా. ఎలా నమ్మావు?"

"నోటితోని జెప్తే నమ్మకపోదును. నీ నోరు నాకెర్కనే" అన్నాడు నీరసంగా. "రాసినవ్ గదరా బిడ్డా."

నాకు పడిన తిట్లన్నీ కలిపినా ఆ మాటంత బరువు ఉండవు. అక్కడి నుంచే ముదీర్ గదికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన తిట్టిన తీరు ఇక్కడ రాయదగ్గది కాదు. బోర్డులన్నీ పీకించి, ఒక్కో వాక్యాన్నీ ఫైలుతో సరిచూసి నాతోనే మళ్లీ రాయించాడు. ఆకియా కొత్త బోర్డు కాకకు చదివి వినిపించాను. "మా వాగుల చాపలకు మంగకాయలు దంచి గిట్లనే ఏస్తుంటిమి" అన్నాడు. తర్వాత నా వంక చూసి, "అంటే నన్ను చాపను జేసినవన్నట్టు." ఇద్దరిలో ఆయన ఒక్కడే నవ్వాడు.

కిందటేడు కాక ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే మోకాళ్లు ఇంకా నొస్తున్నాయంటాడు. మందు చెప్పమంటాడు, దొంగ. నేను ఇక్కడే బోర్డులు రాస్తున్నాను. ఈమధ్య పేరు తప్ప మరే వివరమూ లేని ఒక పొద వచ్చింది. ముదీర్ ఏదో ఒకటి రాయమన్నాడు. 'పూర్వం దీన్ని దేనికి వాడేవారో మాకు తెలియదు' అని రాసి పాతాను. హోటల్ అతిథి ఒకడు దాన్ని చదివి పగలబడి నవ్వి, ఫోటో తీసుకున్నాడు. నేను జోకు వేయకుండానే ఒకడు నవ్వడం అదే మొదటిసారి. నవ్వుకోనీ. అది చదివి ఎవరూ ఏ ఆకూ మరిగించుకోరు.